కల్లం ఎత్తినాక కోటకు పోదాం

పసుపు బస్తాలు యార్డుకు చేరాక ఆర్మూర్ వైపు దంపతులకు ఊపిరి సలిపే రోజులు కొన్ని దొరుకుతాయి. ఆ రోజుల్లో మొక్కులూ పెళ్లిళ్లూ కాక ఇద్దరూ కలిసి ఎక్కడికైనా పోవచ్చా? దోమకొండ గడి నుంచి గోల్కొండ సమాధుల దాకా, బాగుచేసిన పాత కట్టడాలు పిలుస్తున్నాయి.

ఆర్మూర్‌లో పసుపు తొమ్మిది నెలల పంట. జూన్‌లో తొలకరికి విత్తనం భూమిలో పడితే సంక్రాంతి దాటాక గాని తవ్వకం మొదలుకాదు. తవ్వాలి, కొమ్మూ మండా వేరుచేయాలి, ఉడకబెట్టాలి, కల్లంలో ఆరబోసి రోజూ తిరగేయాలి, డ్రమ్ములో పాలిష్ పట్టాలి, నిజామాబాద్ యార్డుకు తోలాలి. ఇన్ని పనుల్లోనూ భార్యాభర్తలు పొద్దస్తమానం పక్కపక్కనే ఉంటారు. ఒకరి మొహం ఒకరు చూసుకునే తీరిక మాత్రం ఉండదు. మాటలన్నీ కూలి లెక్క, కట్టెల లెక్క, క్వింటాల్ ధర చుట్టే తిరుగుతాయి.

మార్చి, ఏప్రిల్‌లో బస్తాలు తూకానికి పోతాయి. ఎర్రజొన్న కోత కూడా అప్పటికి అయిపోతుంది. ఇల్లు ఒక్కసారిగా నిమ్మళిస్తుంది. అప్పుడు మా వైపు జంటలు బయల్దేరేది మొక్కులకే. వేములవాడ రాజన్న, కొండగట్టు అంజన్న, ధర్మపురి నర్సన్న, బాసర అమ్మవారు, చేతిలో డబ్బు ఆడితే తిరుపతి. మిగతా ప్రయాణాలన్నీ పెళ్లికో, చావుకో, దవాఖానకో. మొక్కు మంచిదే, నేనూ తీర్చుకుంటాను. కానీ గుడికి పోయిన జంట క్యూలో ముందూ వెనకా నిలబడుతుంది, దర్శనం కాగానే ప్రసాదం సంచి పట్టుకుని బస్సుకు పరుగెడుతుంది. ఇద్దరూ ఒక చోట కూర్చుని, ఎదురుగా ఉన్నదాన్ని తీరిగ్గా చూసి, దీన్ని ఎవరు కట్టారు, ఎట్లా కట్టారు, ఇందులో ఎవరు బతికారు అని మాట్లాడుకోవాలంటే పాత కోటలకో, మెట్ల బావులకో, సమాధుల తోటలకో పోవాలి.

అవి మాకు దూరమూ కాదు. ఆర్మూర్ పెర్కిట్ చౌరస్తాలో రెండు జాతీయ రహదారులు కలుస్తాయి. 44 మీద ఉత్తరానికి పోతే బాల్కొండ కోట, గోదావరి దాటితే నిర్మల్. దక్షిణానికి డిచ్‌పల్లి, కామారెడ్డి, చివరికి హైదరాబాద్. 63 మీద తూర్పుకు జగిత్యాల నక్షత్ర కోట, పడమటికి నిజామాబాద్ ఖిల్లా, ఆపైన బోధన్. ఏ దిక్కుకు తిరిగినా ఏదో ఒక పాత గోడ తగులుతుంది. అయినా ఆర్మూర్‌లో యాభై దాటిన ఆడవాళ్లను అడగండి, వీటిలో ఎన్ని చూశారని. చాలామంది ఒక్కటి కూడా చూసి ఉండరు. వాళ్ల భర్తలు మాత్రం కుర్రతనంలో దోస్తులతో కలిసి ఒకటో రెండో చూసే ఉంటారు.

ఈ తేడా ఎందుకొచ్చిందని చాలాకాలం ఆలోచించాను. ఆడవాళ్లకు చరిత్ర మీద ఆసక్తి లేక కాదు. పాడుపడ్డ కోట దగ్గరికి పోతే కనిపించేది సర్కారు తుమ్మ, పగిలిన సీసాలు, పేకాట ఆడే గుంపు. మరుగుదొడ్డి ఉండదు. తాగడానికి నీళ్లుండవు. నీడలో కూర్చుంటే 'ఎవరు మీరు, ఏ ఊరు, ఈయన నీకేమవుతాడు' అని అడిగేవాళ్లు తయారవుతారు. మెడలో పుస్తెలతాడు ఉన్నా సరే, ఒక ఆడమనిషీ మగమనిషీ గోడ నీడన కూర్చుని మాట్లాడుకుంటుంటే చూసేవాళ్ల కళ్లకు అది తప్పుగానే కనిపిస్తుంది. పాడుపడ్డ కోట మగపిల్లలది. బాగుచేసిన కోట ఇంటిల్లిపాదిది. ఒక కట్టడాన్ని సరిగ్గా బాగుచేశారో లేదో తేల్చడానికి నిపుణులకు వాళ్ల కొలతలు వాళ్లకుంటాయి. నా కొలత ఒకటే: అక్కడ ఒక జంట గంటసేపు నిబ్బరంగా కూర్చోగలగాలి.

ఇంటి గడప దగ్గర్నుంచే

మొదటి అడుగుకు బస్సు కూడా ఎక్కక్కర్లేదు. ఆర్మూర్‌ను ఆనుకునే నవనాథ సిద్ధుల గుట్ట ఉంది. బండ మీద బండ పేర్చినట్టు, ఎప్పుడు జారిపడతాయో అనిపించే రాళ్ల గుట్ట. తొమ్మిది మంది సిద్ధులు ఇక్కడి గుహల్లో తపస్సు చేశారని నమ్మకం. శివుడి దగ్గరికి పోవాలంటే రాళ్ల మధ్య సందులో వంగి వెళ్లాలి. ఇప్పుడు పైదాకా ఘాట్ రోడ్డు ఉంది కాబట్టి మోకాళ్ల నొప్పులున్నవాళ్లూ పోవచ్చు. సాయంత్రం పూట పైన నిలబడితే మన ఊరే మనకు కొత్తగా కనిపిస్తుంది. మా ఆయన అక్కడ నిలబడి చేసిన మొదటి పని మా పొలం ఎటువైపుందో వెతకడం. నేను చూసింది పెంకుటిళ్లు ఇంకా ఎన్ని మిగిలాయని. పాత భవంతి ఇళ్లు పడగొట్టి, టేకు దర్వాజాలు అమ్మేసి, స్లాబు వేసుకున్న వీధులు పైనుంచి చూస్తే స్పష్టంగా తెలుస్తాయి.

డిచ్‌పల్లి రామాలయం సంగతి వేరు. రోడ్డు మీద రోజూ వందల బస్సులు దాని పక్కనుంచే పోతాయి, దిగేవాళ్లు తక్కువ. చిన్న గుట్ట మీద, మెట్లెక్కి పోయే రాతి గుడి. బయటి గోడల నిండా శిల్పాలు. వాటిలో మిథున శిల్పాలు కూడా ఉన్నాయి కాబట్టే దీన్ని ఇందూరు ఖజురహో అంటారు. చుట్టాలతో పోతే వాటి ముందు అందరూ తల దించుకుని గబగబా దాటేస్తారు. ఇద్దరే పోతే ఆ ఇబ్బంది లేదు. అప్పుడు కంటికి ఆనేది శృంగారం కూడా కాదు, పని. అంత గట్టి రాయిలో నడుము ఒంపు తేవడానికి ఉలి ఏ కోణంలో పట్టి ఉంటారు, వేళ్ల గోళ్లు ఎట్లా చెక్కారు అన్నది. మా ఆయన వేలు పెట్టి తడమబోతే వద్దన్నాను. చేతి చెమట, నూనె రాతికి మంచివి కావు. శిల్పాన్ని కంటితోనే చూడాలి.

దోమకొండ: మూసిన తలుపు తెరుచుకున్న చోటు

కామారెడ్డి దాకా 44 మీద పోయి లోపలికి మళ్లితే దోమకొండ. ఒకప్పుడు ఇదీ నిజామాబాద్ జిల్లాలోదే. 18వ శతాబ్దపు కోట, సంస్థానాధీశులైన కామినేని వంశస్థులది. చుట్టూ కందకం, రాతి గోడ, లోపల కాకతీయుల కాలం నాటిదని చెప్పే మహాదేవుడి గుడి, రాజభవనాలు. అద్దాల మేడ పేరు చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ తెలుసు. వారసులు పూనుకుని, పరిరక్షణ ఆర్కిటెక్ట్ అనురాధా నాయక్‌తో ఏళ్ల తరబడి దీన్ని బాగుచేయించారు. 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ సాంస్కృతిక వారసత్వ పరిరక్షణ అవార్డుల్లో దోమకొండ కోటకు అవార్డ్ ఆఫ్ మెరిట్ వచ్చింది. ఆ ఏడాది అదే జాబితాలో గోల్కొండ మెట్ల బావులకు అవార్డ్ ఆఫ్ డిస్టింక్షన్ వచ్చింది. ఒకే ఏడు తెలంగాణకు రెండు. ఒకటి రాజధానిలో, రెండోది మన పక్కన పల్లెటూళ్లో. రెండోది నాకు ఎక్కువ సంతోషం కలిగించింది.

లోపలికి అడుగుపెట్టాక భవనం ముందు ఒక స్తంభం దగ్గర చాలాసేపు నిలబడిపోయాం. నిలువునా గాళ్లు తీసిన స్తంభం. దూరం నుంచి చూస్తే చెక్కిన రాయిలా ఉంటుంది. దగ్గరికి పోతే సున్నపు పని. మేస్త్రీ చేతితో తిప్పిన గాడి అంచు ఒక్కచోట కూడా విరగలేదు. ఐరోపా పద్ధతి స్తంభం, దక్కన్ పద్ధతి కమాను, మధ్యలో మన పల్లెటూరి లోగిలి. మా ఆయన ఇంట్లో చిన్నా చితకా తాపీ పని తనే చేసుకునే మనిషి. వంగి, పక్కకు జరిగి, మళ్లీ వంగి చూసి అన్నాడు: "గిది సిమెంటు కాదు. సిమెంటైతే గీపాటికి పెచ్చులూడేది."

ఆయన మాట నిజం. పాత గోడలకు వాడేది డంగు సున్నం. సున్నపు రాయి కాల్చి, నీళ్లలో నానబెట్టి రోజుల తరబడి మాగనిచ్చి, ఇసుకతో కలిపి గానుగలో ఎద్దులతో రుబ్బేవారు. బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు, కొన్నిచోట్ల మారేడు గుజ్జు కలిపేవారు. అట్లా చేసిన సున్నం నెమ్మదిగా గట్టిపడుతుంది. తేమ పట్టినా గాలికి వదిలేస్తుంది. సిమెంటు అట్లా కాదు. గోడ లోపల చేరిన నీటిని బయటికి రానివ్వదు. ఆ నీళ్లు లోపలే ఉండి రాయినీ పాత సున్నాన్నీ తినేస్తాయి. పాత గుడులకూ కోటలకూ భక్తితోనో, తొందరతోనో సిమెంటు పూసి, దాని మీద ఆయిల్ పెయింట్ కొట్టడం ఎంత హాని చేస్తుందో మన ఊళ్లలో ఇంకా తెలియడం లేదు. మా ఊరి చిన్న గుడికి కూడా అదే జరిగింది. దోమకొండ చూసొచ్చాక ఆ పెయింటు చూస్తే నాకు మనసు కలుక్కుమంటుంది.

ఇక్కడ ఇంకో మాట చెప్పకుండా ముందుకు పోలేను. తెలంగాణలో గడి, అంటే దొర కోట, అనగానే మా అమ్మమ్మ తరానికి అందం గుర్తురాదు. దొర గడి ముందునుంచి పోవాలంటే చెప్పులు విడిచి చేత పట్టుకోవాల్సిన ఊళ్లు ఈ ప్రాంతంలో ఎన్నో. వెట్టికి పోవడం తప్ప గడి లోపలికి పోయే దారే ఉండేది కాదు ఎందరికో. ఊడిపోయిన తలుపులతో, మర్రి మొలిచిన గోడలతో తెలంగాణ పల్లెల్లో ఇప్పటికీ నిలబడి ఉన్న గడీలను ఎందరో అసలు బాగుచేయొద్దనే అంటారు. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. అయినా నేను బాగుచేయాలనే అంటాను. ఆ రాళ్లు మోసింది, ఆ సున్నం రుబ్బింది, ఆ గాళ్లు తీసింది దొరలు కాదు. ఆ పనితనం మన తాతలది, మన నాయనమ్మలది. గోడ కూలిపోతే కూలేది వాళ్ల చేతి గుర్తు. చెప్పులేసుకుని, భార్యాభర్తలుగా, పక్కపక్కన నడిచి, ఏ తలుపు ముందు ఎవరూ ఆపకుండా అన్ని గదులూ చూసిరావడం మా అమ్మమ్మకు దక్కని సంగతి. ఏ గడిని బాగుచేసినా అక్కడ పెట్టే బోర్డులో రాజుల పేర్లతో పాటు వడ్డెర, కమ్మరి, వడ్ల, తాపీ పనివాళ్ల ప్రస్తావన కూడా ఉండాలన్నది నా గట్టి కోరిక.

దోమకొండ కోట కుటుంబ ఆస్తి కాబట్టి వెళ్లేముందు సందర్శన వేళలు కనుక్కుని పోవడం మంచిది.

బావిలోకి దిగే మెట్లు

అదే కామారెడ్డి జిల్లాలో లింగంపేటలో నాగన్న బావి ఉంది. జక్సాని నాగన్న 18వ శతాబ్దంలో కట్టించాడని పేరు. ఎంతోకాలం చెత్తతో, పూడికతో నిండిపోయిన ఈ మెట్ల బావిని కల్పనా రమేశ్ నడిపే ది రెయిన్‌వాటర్ ప్రాజెక్ట్, ప్రభుత్వంతో కలిసి బాగుచేసింది. సికింద్రాబాద్ బన్సీలాల్‌పేట బావిని పూడిక తీసి 2022 డిసెంబరులో మళ్లీ తెరిపించింది కూడా ఈ జట్టే. పై అంచున నిలబడి చూస్తే అంతస్తులు అంతస్తులుగా మెట్లు కిందికి దిగుతుంటాయి. ఒక్కో అంతస్తు దిగేకొద్దీ ఎండ తగ్గి చల్లదనం ఒంటికి తగులుతుంది.

మగవాళ్లు బావిని చూసి లోతు ఎంతని అడుగుతారు. నిండు కుండ నడుముకెత్తుకుని ఇన్ని మెట్లు ఎక్కిన ఆడవాళ్లు మధ్యలో ఎక్కడ ఆగి ఊపిరి తీసుకునేవాళ్లన్నది నాకు తోచిన ప్రశ్న. జవాబు కట్టడంలోనే ఉంది. ప్రతి అంతస్తు దగ్గరా నాలుగు అడుగులు నిలబడే చోటు వదిలారు. కట్టినవాడికి కుండ బరువు తెలుసు. ఈ మాట చెప్పేదాకా మా ఆయన ఆ చోటును అలంకారం అనుకున్నాడు. జంటగా పోవడంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. ఒకరికి గోడ కనిపిస్తే ఇంకొకరికి ఆ గోడ వెనక పొయ్యి కనిపిస్తుంది. రెండూ కలిస్తేనే ఆ ఇంట్లో మనుషులు బతికారని తెలుస్తుంది.

గోల్కొండ: సమాధుల తోటలో ఒక పగలు

హైదరాబాద్ పోతే మా వైపువాళ్లకు చార్మినార్ దగ్గర గాజులు, ఆబిడ్స్‌లో బట్టలు, తర్వాత నేరుగా జూబ్లీ బస్టాండు. గోల్కొండ కోట ఎక్కినవాళ్లు కూడా దాని పక్కనే ఉన్న కుతుబ్‌షాహీ సమాధులను చూడకుండా వచ్చేస్తారు. అక్కడ జరిగినంత పెద్ద పరిరక్షణ పని దేశంలోనే అరుదు. 2013లో ఆగాఖాన్ ట్రస్ట్ ఫర్ కల్చర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి మొదలుపెట్టాయి. 106 ఎకరాల్లో వందకు పైగా కట్టడాలు. సమాధులు, మసీదులు, స్నానశాల, మెట్ల బావులు. 2024 జూలైలో పని పూర్తయి మళ్లీ ప్రభుత్వానికి అప్పగించారు. పదకొండేళ్ల పని. గుమ్మటాల మీద గత శతాబ్దంలో పూసిన సిమెంటు పొరలను ముందు ఒలిచేశారు, తర్వాత సున్నంతో పూత వేశారు. మా ఆయన దోమకొండలో చెప్పిన మాటే ఇక్కడ వందసార్లు రుజువైంది.

బడీ బావోలీ కథ వినాలి. 2013 వానల్లో ఆ బావి గోడ ఒకటి కుప్పకూలింది. పడిన రాళ్లను బయటికి తీసి, దేని చోటు ఏదో చూసుకుంటూ మళ్లీ పేర్చారు. ఇప్పుడు వాననీళ్లు అందులో నిలుస్తున్నాయి, ఆ నీళ్లు తోటకు వాడుతున్నారు. దాని అంచున కూర్చున్నప్పుడు మా ఆయన అడిగాడు: "మరి గిది పాతదా, కొత్తదా?" న్యాయమైన ప్రశ్నే. రెండో ప్రపంచ యుద్ధంలో పోలండ్ రాజధాని వార్సా పాత నగరం దాదాపు పూర్తిగా నేలమట్టమైంది. 18వ శతాబ్దంలో బెల్లోటో అనే చిత్రకారుడు గీసిన వీధుల బొమ్మలను కూడా చూసుకుంటూ అక్కడివాళ్లు దాన్ని మళ్లీ కట్టుకున్నారు. 1980లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. రాళ్లు ఎంత పాతవన్నది ఒక్కటే లెక్క కాదు, ఊరివాళ్లు దాన్ని పోనివ్వకుండా పట్టుకోవడమూ చరిత్రే. బడీ బావోలీలో రాళ్లూ పాతవే, పద్ధతీ పాతదే. కాబట్టి నా జవాబు: పాతదే.

తోటలో అందరూ మొదట పోయేది మహమ్మద్ కులీ సమాధి దగ్గరికి. 1591లో చార్మినార్ కట్టించిన రాజు. ఆయన పేరు వినగానే భాగమతి ప్రేమకథ చెప్పుకుంటారు. ఆ కథకు గట్టి ఆధారాలు లేవని చరిత్రకారుల్లో చాలామంది అంటారు. భాగమతి సమాధి ఈ తోటలో ఎక్కడా లేదు. నన్ను ఎక్కువసేపు ఆపింది ఆయన కూతురు హయాత్ బక్షీ బేగం సమాధి. ఒక రాజుకు కూతురు, ఇంకో రాజుకు భార్య, మరో రాజుకు తల్లి. కొడుకు అబ్దుల్లా చిన్నవయసులో గద్దెనెక్కితే రాజ్యం నడిపింది ఆమే. హైదరాబాద్ పొలిమేరలోని హయత్‌నగర్ పేరు ఆమెదే. ఆమె సమాధి భర్త సుల్తాన్ మహమ్మద్ సమాధికి ఏమాత్రం తీసిపోని పెద్ద కట్టడం. పక్కన మసీదు, ముందు విశాలమైన వాకిలి. ఆ కాలంలో ఒక ఆడమనిషికి అంత ఎత్తు గుమ్మటం కట్టారంటే ఆమె మాటకు ఎంత విలువుండేదో వేరే చెప్పక్కర్లేదు.

అక్కడ చెట్ల కింద జంటలు కనిపిస్తాయి. కొత్తగా పెళ్లయినవాళ్లు, బుర్ఖాలో ఉన్న భార్య చెయ్యి పట్టుకుని మెట్లు ఎక్కిస్తున్న ముసలాయన, టిఫిన్ డబ్బా విప్పుకున్న నడివయసువాళ్లు. వాళ్లను ఎవరూ ఏమీ అడగడం లేదు. దారులు ఊడ్చి ఉన్నాయి. నా కొలత ప్రకారం గోల్కొండ సమాధుల తోట గెలిచింది.

ఖర్చు గురించి భయపడక్కర్లేదు. 2023 డిసెంబరు నుంచి మహాలక్ష్మి పథకంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు. ఆర్మూర్ నుంచి ఏ కోటకైనా జంట చార్జీ సగమే. ఈ సగం చార్జీ ఎన్నో ఇళ్లలో 'నువ్వెందుకు, నేనొక్కణ్నే పోయొస్తా' అనే మాటను ఆపింది. గోల్కొండకు మాత్రం శుక్రవారాలు, పండుగ సెలవులు తప్పించి మామూలు రోజున, పొద్దున్నే చేరుకునేట్టు పోవాలి. ఏప్రిల్ దాటితే మధ్యాహ్నం రాతి మీద నడవలేం.

కడలి అవతల పాత ఊరు

ఆర్మూర్, బాల్కొండ, మోర్తాడ్, భీమ్‌గల్ ఊళ్లలో ఏ వాడకు పోయినా గల్ఫ్‌లో మనిషి ఉన్న ఇల్లు దొరుకుతుంది. రెండేళ్లకోసారి రెండు నెలల సెలవు. ఆ రెండు నెలల్లో చుట్టాలు, పెళ్లిళ్లు, ఇంటి స్లాబు, బోరు. భార్యతో కలిసి ఒక్క పగలు ఊరికే తిరిగే వీలు వాళ్లకు అసలే లేదు. మా దూరపు మరిది దుబాయ్‌లో చాలాకాలం పనిచేసి, ఒక ఏడు భార్యను విజిట్ వీసా మీద పిలిపించుకున్నాడు. అందరూ అనుకున్నట్టు బుర్జ్ ఖలీఫా చూపించాడు. ఆమెకు గుర్తుండిపోయింది మాత్రం అది కాదు. ఒక దిర్హం ఇచ్చి చెక్క పడవ ఎక్కి క్రీక్ దాటడం, ఇటు ఒడ్డున అల్ ఫహీదీ పాత వాడ, అటు ఒడ్డున దేరా మసాలా బజారు.

అల్ ఫహీదీలో ఇళ్లు సముద్రపు పగడపు రాయితో, జిప్సంతో కట్టినవి. పైన గాలి పట్టి లోపలికి దింపే బురుజులు. వాటిని బర్జీల్ అంటారు. కరెంటు లేని కాలంలో ఎడారి వేడిని ఆ బురుజులతోనే తట్టుకున్నారు. 1980ల చివర్లో ఆ వాడలో మిగిలిన ఇళ్లను కూల్చబోతే, అక్కడే ఒక ఇంట్లో ఉంటున్న రేనర్ ఆటర్ అనే బ్రిటిష్ ఆర్కిటెక్ట్ ఊరుకోలేదు. పట్టుబట్టి ఆపించాడు. తర్వాత ప్రభుత్వమే బాగుచేయించింది. బహ్రెయిన్‌లో ముహర్రక్ ముత్యాల బాట 2012లో, సౌదీలో జెద్దా పాత పట్నం అల్ బలద్ 2014లో ప్రపంచ వారసత్వ జాబితాకు ఎక్కాయి. ఈ మూడు దేశాల్లోనూ మనవాళ్లున్నారు. ఎందరో కట్టుబడి పనుల్లోనే ఉన్నారు. వారపు సెలవు దొరికినప్పుడు చూడదగ్గవి ఇవి. వీడియో కాల్‌లో భార్యకు చూపించినా సరే, మాల్ కన్నా ఇవే నయం.

ఆ మరిది భార్య తిరిగొచ్చాక చెప్పింది: "అక్కా, ఆ బజార్ల మన పసుపు బస్తాలు జూసిన. వాసన తగల్గానే ఏడుపొచ్చింది. గదే వాసన పట్టుకుని మేమిద్దరం ఆ గల్లీలన్నీ తిరిగినం." ఆ ఒక్క సాయంత్రం గురించి ఆమె ఇప్పటికీ చెబుతూనే ఉంటుంది.

మనకు మిగిలిన పని

నిజామాబాద్ ఖిల్లా మీద రఘునాథుడి గుడి ఉంది. ఆ ఖిల్లా నిజాం కాలంలో జైలు. కవి దాశరథి కృష్ణమాచార్యను బంధించింది ఇక్కడే, వట్టికోట ఆళ్వారుస్వామి ఆయన తోటి ఖైదీ. కాగితం ఇవ్వకపోతే దాశరథి బొగ్గుతో గోడ మీద పద్యాలు రాసింది ఈ జైల్లోనే. ఇంతటి చోటు మన జిల్లా కేంద్రం నడిబొడ్డున ఉంది. ప్రపంచంలో ఇంకెక్కడున్నా ఒక కవి జైలు గది చూడటానికి జంటలు రైళ్లెక్కి వచ్చేవి. ఇక్కడ ఖిల్లాకు పోయేవాళ్లలో ఎక్కువమంది దేవుడి దర్శనం చేసుకుని దిగిపోతారు. ఖిల్లాను గుడీ జైలూ కలిపి ఒకే కథగా చూపించేట్టు తీర్చిదిద్దాలి. గదుల ముందు తెలుగులో, ఉర్దూలో చదవగలిగే బోర్డులు, పై మెట్ల దగ్గర నీడ, ఆడవాళ్లకు శుభ్రమైన మరుగుదొడ్డి కావాలి. ఇవి కోట్ల పనులు కావు.

బోధన్ సంగతి ఇంకా పెద్దది. ప్రాచీన షోడశ మహాజనపదాల్లో దక్షిణాదిన ఉన్నది అశ్మకం ఒక్కటే. దాని రాజధాని పోదనపురం బోధనేనని చరిత్రకారుల్లో చాలామంది గుర్తిస్తారు. అక్కడి దేవల్ మసీదు స్తంభాల అడవి ఒక్కటి చూసినా ఎన్ని రాజ్యాలు, ఎన్ని మతాలు ఒకే రాతిని వాడుకున్నాయో తెలుస్తుంది. దాన్ని కొట్లాటకు కారణంగా చూసేవాళ్లున్నారు. స్తంభాల మధ్య నెమ్మదిగా నడిచే జంటకు కనిపించేది వేరు.

2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్ కేంద్రంగా మొదలైంది. రైతులు ఏళ్ల తరబడి అడిగిన బోర్డు. దాని పని పసుపు ధర, నాణ్యత, ఎగుమతి. ఆ పని అది చేయాలి. కానీ పసుపు కొనడానికి, చూడటానికి బయటి రాష్ట్రాలవాళ్లు, దేశాలవాళ్లు వచ్చినప్పుడు యార్డు చూపించి పంపేస్తే ఈ నేల సగమే చూపినట్టు. కల్లం చూపించాలి, అంకాపూర్‌లో నాటుకోడితో అన్నం పెట్టాలి, డిచ్‌పల్లి మెట్లెక్కించాలి, దోమకొండలో సాయంత్రం గడపనివ్వాలి. చుట్టూ ఉన్న ఊళ్లకు అది ఆదాయం కూడా.

కోటల్లో అన్నిటికన్నా దగ్గరిది, అన్నిటికన్నా నిర్లక్ష్యానికి గురైనది బాల్కొండ. జాతీయ రహదారికి అంత చేరువలో గుట్ట మీద కోట గోడలు నిలబడి ఉన్నా బస్సులో పోయేవాళ్లు తల తిప్పి చూడరు. పైకి పోవడానికి సరైన దారి, తుమ్మ కొట్టేయడం, రెండు బోర్డులు, ఒక కాపలా మనిషి. మొదటి ఏడాదికి ఇంతే చాలు. తెలంగాణకు 2017 నుంచి సొంత వారసత్వ చట్టం ఉంది. పాత కట్టడాల మీద ఎవరు పడితే వాళ్లు చెయ్యి వేయకూడదు, రాయి కదపకూడదు, సిమెంటు పూయకూడదు. అది సరైన నిబంధనే. కాబట్టి మొదట అనుమతి అడగాలి.

మా ఆయన ఈ విషయం పసుపు రైతుల సంఘంలో ఎత్తాడు. కల్లాలు ఎత్తినాక ఒక ఆదివారం పదిమంది వచ్చి తుమ్మ కొడతామన్నారు. ఇంటావిడలను కూడా తోలుకురావాలని ఆయన షరతు పెట్టాడు. వారసత్వ శాఖకు పంపాల్సిన దరఖాస్తు నేను రాస్తున్నాను. అందులో మరుగుదొడ్డి సంగతి మొదటి అంశంగా పెట్టాను.